ఎద్దు క్లోమంతో పెరిగినదాన్ని

నా ఒంటిని గురించి చాలామంది తీర్పులు చెప్పారు. వాటిలో ఒక్కటీ నేను ఒప్పుకోలేదు. మొదటి తీర్పు చెప్పినవాడు మా తాత. ఆయన చెడ్డవాడు కాదు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని సంతకు తీసుకుపోయినవాడు. అందుకే ఆయన మాటను కాదనడానికి మా అమ్మకు అంత గుండె కావలసి వచ్చింది.

డెబ్బైల నడిమిన, నాకు పదకొండో ఏడు నడుస్తుండగా దాహం పట్టుకుంది. ఎండాకాలం కాదు, చలికాలం. పుంగనూరుకు దగ్గరలోనే మా పల్లె. పెరట్లో తొట్టి దగ్గర నిలబడి చెంబు మీద చెంబు తాగేదాన్ని. తాగిన నీళ్లు తాగినట్టే బయటికి పోయేవి. బడిలో మాటిమాటికీ లేస్తుంటే అయ్యవారు మొదట నవ్వాడు, తర్వాత బెత్తం తీశాడు. ఇంట్లో అందరికంటే పెద్ద సంగటి ముద్ద నాదే. అయినా పావడా నడుమున నిలవడం మానేసింది. అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. చిన్నాయన క్షయ అన్నాడు. మా వైపు ఎవరు చిక్కిపోయినా మొదట వచ్చే మాట అదే.

చీమలను చూసింది అమ్మ. పెరట్లో నేను కూర్చుని లేచిన చోట ఎర్రచీమలు బారులు కట్టి ఉన్నాయట. ఆమె చాలాసేపు వాటి ముందు గొంతుకూర్చుని, లేచి వచ్చి నాయనతో అంది.

"ఇది దిష్టీ కాదు, క్షయా కాదు. బిడ్డ ఒంట్లోనుంచి తీపి పోతాండాది. మదనపల్లెకు పోదాం పా."

"తీపి పోయేదేందే?" అన్నాడు నాయన.

"నాకేం తెలుసు? తెలిసినోళ్లను అడగడానికే గదా పోయేది."

మదనపల్లెలో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ అప్పటికే నడివయసు దాటిన మనిషి. నా నాడి పట్టుకోకముందే నోటి దగ్గరకు వంగి వాసన చూసింది. బాగా మాగిపోయిన పండు వాసన వస్తోందని నర్సుతో చెప్పింది. ఆ తర్వాత ఒక గాజు గొట్టంలో నీలం నీళ్లు పోసి, అందులో నా మూత్రం చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచింది. నీలం ఆకుపచ్చ అయింది, పసుపు అయింది, చివరికి ఇటుక రంగుకు తిరిగి అడుగున మడ్డిలా నిలిచింది. నాకు అది గారడీలా అనిపించింది. డాక్టరమ్మ మొహం మాత్రం నవ్వలేదు.

"పాపకు చక్కెర జబ్బు," అంది.

"అది ముసలోళ్లకు గదమ్మా వచ్చేది?" అన్నాడు నాయన.

"ఇది వేరే రకం. కడుపులో క్లోమం అని ఒక గ్రంథి ఉంటుంది. తిన్న తిండి ఒంటికి పట్టాలంటే అది ఇన్సులిన్ అనే రసం ఇవ్వాలి. ఈ పిల్లకు ఆ రసం ఆగిపోయింది. బయటినుంచి సూదితో ఎక్కించాలి. రోజూ. బతికినన్నాళ్లూ."

నాయన గోడకు ఆనుకున్నాడు. అమ్మ మాత్రం ఒక్కటే అడిగింది.

"ఎక్కిస్తే బతుకుతాదా?"

"ఎక్కిస్తే బతుకుతుంది. ఆపితే పోతుంది."

"అయితే నాకు నేర్పించమ్మా."

నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ అమ్మ వంకాయల్లోకి నీళ్లు ఎక్కిస్తూ సూది వేయడం నేర్చుకుంది. గాజు సిరంజి, ఉక్కు సూది. రెంటినీ గిన్నెలో మరగబెట్టాలి. మొన మొద్దుబారితే సన్నరాయి మీద నూరుకోవాలి. మా ఊళ్లో కరెంటు ఉన్న ఇల్లే తక్కువ, ఇక ఐసుపెట్టె మాట ఎక్కడిది? మట్టి కుండలో తడి ఇసుక నింపి, మందు సీసాను దాంట్లో దించి, నీడన పెట్టుకోమని డాక్టరమ్మ చెప్పింది. నన్ను ఇంటికి పంపే రోజు పక్కన కూర్చోబెట్టుకుని ఇంకో మాట కూడా చెప్పింది.

"ఈ జబ్బు నీకు యాభై అరవై ఏళ్ల ముందు వచ్చి ఉంటే ఈపాటికి చచ్చిపోయి ఉందువు. అప్పట్లో ఈ జబ్బు వచ్చిన పిల్లలకు తిండి తగ్గించి, కడుపు ఎండబెట్టి, ఇంకో నాలుగు నెలలు లాగేవాళ్లు. అంతకంటే ఏమీ తెలియదు. తర్వాత దూరదేశంలో కొందరు కుక్కల మీద ప్రయత్నం చేసి ఈ రసం కనిపెట్టారు. ఇప్పుడు కబేళాల్లో కోసిన పశువుల క్లోమాల నుంచి తీస్తున్నారు. నీ సీసాలో ఉండేది ఎద్దుదో ఆవుదో. భయపడకు."

నేను భయపడలేదు. గర్వపడ్డాను. నా ఈడు పిల్లల్లో ఎవరికీ తెలియని సంగతి నాకు తెలుసు.

ఆ గర్వంతోనే తాతకు చెప్పాను.

మా ఇంట్లో పొట్టి ఆవులుండేవి, మా సీమ పేరుతో పిలిచే జాతి. నా నడుము ఎత్తుకు మించవు. తాత వాటికి చేత్తో మేత తినిపించాక గానీ తాను తినడు. ఆ పొద్దు కొట్టం దగ్గర ఆయన ఒక దూడ గంగడోలు నిమురుతూ కూర్చుని ఉన్నాడు.

"తాతా, నా మందు యాడనుంచి వస్తాదో తెలుసా? ఎద్దు కడుపులోనుంచి తీస్తారంట. ఆవుదైనా సరేనంట."

దూడ మెడ మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. "యెవురు చెప్పినారు?"

"డాక్టరమ్మ."

"సంపి తీస్తారా?"

"సంపినాకనే తీస్తారంట తాతా."

ఆయన లేచి లోపలికి పోయాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆ మాట చెప్పినందుకు నన్ను తర్వాత చాలామంది తిట్టారు. నోరు మూసుకుని ఉంటే అందరం హాయిగా ఉండేవాళ్లమని. నేను ఇప్పటికీ అలా అనుకోను. ఒంట్లోకి పోయేది ఏమిటో ఆ ఒళ్లు ఎవరిదో వాళ్లకు తెలియాలి, తెలిసినదాన్ని చెప్పే హక్కూ ఉండాలి.

మరునాడు తాత నాయనను పిలిచి అందరి ముందూ చెప్పాడు. "ఆ సీసా ఈ ఇంట్లో ఉండేదానికి ల్యా. నేరేడు గింజల పొడి ఉండాది, కాకర రసం ఉండాది. మన పెద్దోళ్లు యే సూదులు ఏసుకుని బతికినారు?"

నాయన తలవంచుకుని నిలబడ్డాడు. తండ్రి ఎదుట ఆయన ఎప్పుడూ తలెత్తి ఎరగడు. ఇసుక కుండను చిన్నాయన తీసుకుపోయి దిబ్బలో పోశాడు. అవ్వ నేరేడు పొడి నీళ్లలో కలిపి నా నోట్లో పోసింది. సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. పొద్దునకు ఊపిరి బరువెక్కింది. అమ్మ నా మొహం దగ్గర వంగి వాసన చూసి, ఒక గుడ్డలో నా పావడాలూ తన రెండు చీరలూ మూటగట్టింది.

తాత అరుగు మీద ఉన్నాడు. అమ్మ ఆయన ముందు ఎప్పుడూ నోరెత్తి మాట్లాడలేదు. ఆ రోజు నన్ను చంకన వేసుకుని, కొంగు తలమీద కప్పుకోకుండానే నిలబడింది.

"మామా, నేను నా బిడ్డను తీసుకుని పోతాండాను."

"యాడికి?"

"మదనపల్లెకు. ఆ మందు ఈడ ఉండకూడదంటిరి. మేం ఆడ ఉంటాం."

"అది పాపం మే. గోమాతను సంపిన మందు."

"పాపమే అనుకో మామా. ఆ పాపం నాది. నీకు అంటదు, నీ కొడుక్కు అంటదు. నా బిడ్డ మాత్రం నాకు కావాల."

"పోతే మళ్లా ఈ గడప తొక్కేదానికి ల్యా."

"తొక్కను," అంది అమ్మ.

నాయన బస్సు వరకూ వచ్చాడు. బస్సు కదిలే ముందు తన తలగుడ్డ విప్పి నాకు కప్పాడు. అంతకుమించి ఆయన వల్ల కాలేదు. చాలా ఏళ్లు ఆయన మీద నాకు కోపం ఉండేది. తర్వాత చూస్తే, ప్రతి సంత రోజూ తండ్రికి తెలియకుండా వేరుశనక్కాయల సంచితో మదనపల్లెకు వచ్చిన మనిషి కూడా ఆయనే. ఒక్కొక్కరి ధైర్యం ఒక్కో పరిమాణంలో ఉంటుంది.

డాక్టరమ్మ నన్ను రెండోసారి బతికించింది. అమ్మను కేకలేసింది. కారణం విన్నాక కేకలు ఆపి, తనకు తెలిసిన వీధిలో ఒక గది ఇప్పించింది. పక్క వాటాలో టైలరు, ఆయన భార్య. ముస్లింలు. వాళ్లలో వాళ్లు దఖనీ ఉర్దూలో మాట్లాడుకునేవాళ్లు, మాతో తెలుగులో. టైలరు భార్య మొదటి రోజే అమ్మకు సూదీ దారం ఇచ్చి చొక్కాలకు కాజాలు కుట్టడం నేర్పింది. అమ్మ చేతివేళ్లు అప్పటికే సూదికి అలవాటు పడ్డాయి. ఆ కాజాలతోనే మేం బతికాం.

టైలరుకూ చక్కెర జబ్బే. ముసలితనపు రకం అయినా ముదిరి సూది దాకా వచ్చింది. ఇక రెండు ఇళ్లకూ ఒకటే ఇసుక కుండ. పొద్దున్నే వాకిట్లో ఒకే స్పిరిటు దీపం మీద ఆయన గొట్టం, నా గొట్టం కాగేవి. "నాది పచ్చగా వచ్చింది బేటీ, నీది?" అని అడిగేవాడు. నాది నీలంగా ఉంటే నేను గెలిచినట్టు. ఇటుక రంగు వస్తే, "పోనీలే, రేపు సూసుకుందాం" అనేవాడు.

ఒకసారి ఊళ్లో ఎద్దు ఇన్సులిన్ దొరకలేదు. మందుల షాపులో ఉన్నది పంది ఇన్సులిన్. మా దగ్గర అప్పుడు ఎద్దుది ఒక సీసా నిండుగా మిగిలి ఉంది, టైలరు సీసా అడుగంటింది. షాపు నుంచి ఆయన ఉత్త చేతులతో వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"తెచ్చుకోలేదా అన్నా?" అంది అమ్మ.

"పందిదంటమ్మా. మా మసీదులో పెద్దాయన్ను అడిగినా. పానం కాపాడుకునేదానికైతే తప్పు లేదు, ఏసుకో అన్నాడు. ఆయన చెప్పింది సబబే. నాకే మనసు ఒప్పలేదు."

ఆయన భార్య లోపలినుంచి దఖనీలో గట్టిగా అరిచింది. తర్వాత మాకు అర్థం కావాలని తెలుగులో మళ్లీ అరిచింది. "మనసు ఒప్పల్యాదంట! మనసు పెట్టుకుని సమాధిలో పడుకుంటాడంట!"

అమ్మ కుండలోనుంచి మా ఎద్దు సీసా తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇది నువ్వు ఏసుకో అన్నా. పందిది నా బిడ్డకు తెస్తా."

"మీకు పట్టింపు లేదామ్మా?"

"పట్టింపులన్నీ పుంగనూరులోనే దించుకుని వచ్చినా."

డాక్టరమ్మను అడిగి కొలత సరిచూసుకుని ఆ నెలంతా నేను పంది మందు మీద బతికాను. మా ఇంటివాళ్లకు ఎద్దు వద్దు, పక్కింటాయనకు పంది వద్దు. నాకు ఏదైనా ఒకటే. రెండు జంతువులూ నన్ను బతికించాయి. రెంటికీ రుణపడే ఉన్నాను, ఎవరికీ సంజాయిషీ ఇవ్వను.

అయితే ఆ మందులకూ వాటి గుణం ఉంది. అప్పటి మందు ఇప్పటంత శుభ్రమైనది కాదు. సూది వేసిన చోట కొవ్వు కరిగి గుంటలు పడేవి. నా తొడలు రెండూ సొట్టలు పోయాయి. చెరువులో స్నానానికి దిగితే ఆడవాళ్లు చూసి "అయ్యో, ఆడబిడ్డకు" అనేవాళ్లు. నిమ్మనపల్లెలో మా అమ్మ పుట్టింటికి పోయినప్పుడు మేనత్త వరసామె ఒకామె, ఈ తొడలు చూస్తే ఎవడు కట్టుకుంటాడే అని అడిగింది. నాకు అప్పటికి పదిహేనేళ్లు. "చూపించి చేసుకుంటాలే అత్తా" అన్నాను. ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అమ్మ నన్ను తిట్టబోయి, తిట్టలేక నవ్వేసింది.

ఎనభైల మొదట్లో నేను మదనపల్లెలోనే డిగ్రీ చదువుతున్నాను. జీవశాస్త్రం. ఒకరోజు లెక్చరరు పేపరు చేతిలో పట్టుకుని క్లాసులోకి వచ్చాడు. జన్యువుల పాఠం చెబుతున్న రోజులవి. అమెరికాలో మనిషి ఇన్సులిన్‌ను సూక్ష్మజీవులతో తయారుచేసి అమ్మకానికి అనుమతించారని చదివి వినిపించాడు. మన పేగుల్లో బతికే బ్యాక్టీరియాకు మనిషి జన్యువులోని ఇన్సులిన్ సూత్రాన్ని అందిస్తే, అది తన పని చేసుకున్నట్టే మన పని చేసిపెడుతుందని, పెద్ద పెద్ద తొట్లలో కోట్లకొద్దీ పెంచి రసం తీస్తారని చెప్పాడు.

"జబ్బున్నవాళ్లు ఇంతకాలం పశువులను చంపిన మందు వేసుకుంటున్నారు, పాపం. ఇక ఆ ఖర్మ తప్పుతుంది," అన్నాడు.

క్లాసులో ఎవరో "ఛీ" అన్నారు. ఎవరో నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"సార్, నేను రోజూ ఏసుకునేది ఎద్దుదే. చిన్నప్పటినుంచీ. అది ఖర్మ కాదు సార్. అది లేకుంటే నేను ఈ బెంచీ మీద కూర్చుని ఉండేదాన్ని కాదు."

అంతవరకూ కాలేజీలో ఎవరికీ నా జబ్బు సంగతి తెలియదు. లెక్చరరు మంచివాడే, ఎర్రబడిపోయాడు. "కూర్చోమ్మా, నేను ఆ ఉద్దేశంతో అనలేదు" అన్నాడు. కూర్చోలేదు. "ఈ కొత్త మందు మన ఊరికి ఎప్పుడొస్తుంది సార్?" అని అడిగాను. తనకు తెలియదన్నాడు. నిజాయితీగా చెప్పాడు. ఆ తర్వాత నాకు లైబ్రరీలో జన్యువుల మీద ఏ వ్యాసం దొరికినా తానే పిలిచి ఇచ్చేవాడు.

నేను డిగ్రీ ముగించిన ఏడు తాత పోయాడు. కబురు వస్తే అమ్మా నేనూ పుంగనూరు బస్సెక్కాం. శవాన్ని వాకిట్లో పెట్టి ఉన్నారు. అమ్మ గడప బయటే నిలబడి దండం పెట్టింది. నేను కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన నన్ను చంపబోయాడని తెలుసు, ఆయనకు నేనంటే ప్రాణమనీ తెలుసు. రెండూ నిజమే.

అంత్యక్రియలు అయ్యాక చిన్నాయన వచ్చి, "వొదినా, అయిందేదో అయిపాయ. ఇంక లోపలికి రా. నీ ఇల్లు ఇది" అన్నాడు.

"నా బిడ్డ మందును నువ్వే గదప్పా దిబ్బలో పోసింది," అంది అమ్మ. "మామ ఎదురుగా తొక్కనంటిని. ఆయన లేడని తొక్కితే నా మాటకు ఇలువేముండాది?"

ఆమె తిరిగి బస్టాండుకు నడిచింది. ఈసారి నాయన తన సంచి పట్టుకుని వెనకే వచ్చాడు. ఎక్కడికని ఎవరో అడిగితే, "నా పెండ్లాం దగ్గరికి" అన్నాడు. అంత పెద్దగా ఆయన మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

బి.ఎడ్. అయ్యాక కుప్పంలో సైన్సు టీచరు ఉద్యోగం దొరికింది. కుప్పం అంటే మూడు భాషలు ఒక వీధిలో నడిచే ఊరు. తరగతిలో సగంమంది పిల్లలు తెలుగులో మొదలుపెట్టి అరవంలో ముగించేవాళ్లు. అక్కడే లెక్కల మాస్టరు నన్ను పెళ్లి చేసుకుంటానన్నాడు. నేను మొదట తొడల సంగతి, సూదుల సంగతి, చక్కెర పడిపోతే నోట్లో బెల్లం కుక్కాల్సిన సంగతి అన్నీ చెప్పాను. ఆయన విని, "బెల్లం యెంత పెట్టాల?" అని మాత్రం అడిగాడు.

వాళ్లమ్మ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. నన్ను చూడడానికి వచ్చి, అందరినీ బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి అడిగింది.

"ఉన్నది ఉన్నట్టు సెప్పు పాపా. ఇది రత్తంలో ఉండే జబ్బా? రేపు పుట్టే బిడ్డలకు వస్తాదా?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. అంతకుముందే మదనపల్లె పోయి డాక్టరమ్మను ఇదే అడిగి ఉన్నాను. రావచ్చు, రాకపోవచ్చు, రాకపోవడానికే అవకాశం చాలా ఎక్కువ, కచ్చితంగా ఎవరూ చెప్పలేరు అంది ఆమె. ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

"అంటే వచ్చేదానికి దారి ఉండాదనే గదా," అందామె.

"ఉండాదమ్మా. మా వంశంలో నాకు ముందు ఎవరికీ లేదు. అయినా నాకు వచ్చింది. మీ వంశంలో ఏమేమి దాగి ఉండాయో మీకు తెలుసా? నాకున్నది బయటపడింది, అంతే తేడా. జన్యువులు అందరి ఒంట్లోనూ ఉంటాయి. నన్ను ఒక్కదాన్నే బోనులో నిలబెడితే నేను నిలబడను."

ఆమె లేచి నిలబడింది. "నోరు మాత్రం బాగా ఉండాది," అని తలుపు తీసింది. పెళ్లికి వచ్చింది. అక్షింతలు వేసింది. మనస్ఫూర్తిగా వేసిందని చెప్పలేను.

ఎనభైల చివర్లో నెల తప్పింది. ఊళ్లో డాక్టరు పరీక్ష చేసి కుర్చీలో వెనక్కి వాలాడు.

"నీకు పిల్లలు వద్దమ్మా. ఇన్నేళ్ల చక్కెరతో కాన్పు అంటే ఆటలా? ఇప్పుడే తీయించేసుకో. లేకుంటే నువ్వూ దక్కవు, బిడ్డా దక్కదు."

"మీరు ఇట్లాంటి కాన్పు ఎప్పుడైనా చేసినారా సార్?"

ఆయన లేదన్నాడు.

"అయితే చేసినోళ్లను అడిగి వస్తాను."

కుప్పంలో రైలెక్కితే అరవదేశంలో పెద్దాసుపత్రి ఉన్న ఊరికి సగం పూట ప్రయాణం. కిటికీ దగ్గర కూర్చుని దారంతా నేను భయంతో వణికాను. ధైర్యమంటే వణకకపోవడం అని ఎవరైనా అనుకుంటే, వాళ్లకు తెలియదు. నా భర్త నా చెయ్యి వదల్లేదు.

అక్కడి డాక్టరు చిన్నామె, నాకంటే కొంచెం పెద్దదేమో. "ప్రమాదం ఉంది, అబద్ధం చెప్పను. చక్కెర గీత దాటకుండా పట్టుకుంటే బిడ్డను చేతికి ఇవ్వగలం. రోజుకు నాలుగు సూదులు. వేలి రక్తం తీసి చూసుకోవడం. నీ వల్ల అవుతుందా?" అంది.

"నాకు చేతగాని పని ఏదైనా ఉంటే చెప్పండి," అన్నాను. ఆమె నవ్వింది.

పశువుల మందుకు ఏళ్ల తరబడి అలవాటు పడిన ఒంట్లో దానికి ఎదురుతిరిగే పదార్థాలు తయారై ఉంటాయని, గర్భంలో ఉన్నప్పుడు మనిషి ఇన్సులిన్ వాడటం మేలని కూడా ఆమె చెప్పింది. కాలేజీలో పేపరులో విన్న మందు అది. మా వైపు ఇంకా ఏ షాపులోనూ లేదు. నా భర్త బెంగళూరు పోయి, షాపు షాపూ తిరిగి సంపాదించి, ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

సీసా చూస్తే పాత సీసా లాగే ఉంది. లోపల నీళ్లలాంటి మందు. నాకు తోడుగా కుప్పం వచ్చి ఉన్న అమ్మ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది.

"ఇది దేన్ని కోసి తీసిందే?"

"దేన్నీ కోయలేదమ్మా. కంటికి కనపడని పురుగులతో చేయించినారు. మనిషి ఒంట్లో తయారయ్యే రసమే, అచ్చం అదే."

"అప్పుడే ఇది ఉండింటే మీ తాత ఒప్పుకునేటోడేమో."

"ఒప్పుకోకపోయింటే?"

"ఒప్పుకోకపోయినా ఏసేదాన్నే," అంది అమ్మ, సూదికి మూత తీస్తూ.

మనిషి మందు వచ్చిందని నేను పవిత్రురాలినైపోయినట్టు కొందరు మాట్లాడారు. మా అత్త కూడా "ఇంక దోషం పోయింది" అంది. నాకు ఏ దోషమూ లేదని, పాత మందు నన్ను పెంచితే కొత్త మందు నా బిడ్డను పెంచుతోందని ఆమెకు చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే రోజూ నా కోసం కొలిచి రాగి సంగటి వండింది.

నెలలు నిండే ముందే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఉండాల్సిన దానికంటే బొద్దుగా ఉంది. పుట్టగానే దానికి చక్కెర పడిపోయిందని గాజుపెట్టెలో పెట్టి ముక్కులోకి గొట్టం వేశారు. నా మంచానికి ఆ పెట్టె కనపడదు. కుట్లు ఇంకా పచ్చిగా ఉండగానే గోడ పట్టుకుని నడిచిపోయాను. నర్సు అరిచింది. నేను వినలేదు. గాజు మీద చెయ్యి పెట్టి నిలబడితే లోపల నా కూతురు ఎర్రగా మొహం బిగించి, గొట్టాన్ని పీకడానికి గుద్దులు గుద్దుతోంది. అది చూశాక నా వణుకు పోయింది.

పది రోజులకు దాన్ని నా ఒళ్లో పెట్టారు. అత్త వచ్చి దాని పాదాలు విడదీసి చూసి, వేళ్లు లెక్కపెట్టి, ముద్దు పెట్టుకుని, "ముక్కు మాత్రం మాదే" అంది. నేను ఆ ఒక్క మాటకు మాత్రం ఎదురు చెప్పలేదు.

నా కూతురుకు ఈ జబ్బు రాలేదు. వచ్చి ఉన్నా దాన్ని కనేదాన్నే. ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు, స్వార్థం అంటారు. జబ్బుతో పుట్టే బతుకు బతుకు కాదని వాళ్ల లెక్క. నాకు ఆ లెక్క తెలియదు. నేను బతికింది ఆ బతుకే. దాంట్లో కాజాల దారం ఉంది, టైలరు వాకిట్లో నీలం నీళ్లున్నాయి, తరగతి గది ఉంది, కోపాలున్నాయి, ఫ్లాస్కు పట్టుకుని రైలు దిగిన మనిషి ఉన్నాడు. ఎవరి బతుకులోనైనా ఇంతకంటే ఏముంటుంది?

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఆ చిన్న డాక్టరమ్మ నా భుజం తట్టి, "ఒకరు చాలమ్మా, మళ్లీ ఈ సాహసం వద్దు" అంది.

రెండేళ్లకు మళ్లీ కుప్పంలో రైలెక్కాను. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, ఆమె ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆమె నా పొట్ట వైపు చూసి, పెన్ను కింద పెట్టి, నా రక్తం తీయడానికి సిరంజి తెమ్మని గంట కొట్టింది.